ఇంగ్లీషు వాక్యంలో క్రియదే పెత్తనం

'ఆల్దో హి వర్క్‌డ్ హార్డ్, బట్ హి ఫెయిల్డ్.' మన విద్యార్థుల పరీక్ష పేపర్లలోనూ, ఉద్యోగాల కోసం రాసే ఉత్తరాల్లోనూ పదేపదే కనిపించే తరహా వాక్యం ఇది. స్పెల్లింగు తప్పు లేదు, టెన్సు తప్పు లేదు, ఒక్కో మాటనూ విడిగా పట్టుకుని చూస్తే దేనికీ వంక పెట్టలేం. అయినా ఇంగ్లీషు ఈ వాక్యాన్ని ఒప్పుకోదు. 'ఆల్దో' పెడితే 'బట్' పెట్టకూడదని క్లాసులో చెబుతారు, పిల్లలు రాసుకుంటారు, మర్నాడు మళ్ళీ అదే రాస్తారు. ఎందుకు పెట్టకూడదో ఎవరూ చెప్పకపోతే ఆ నియమం ఎంతకాలం గుర్తుంటుంది? 'ఎంత కష్టపడినా కానీ పాసవలేదు' అని తెలుగులో రోజూ అంటాం. ఆ 'కానీ' ఉన్నా వాక్యం చెడదు, లేకున్నా చెడదు. అదే భావం ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి ఒక మాట ఎక్కువెలా అయింది? కంజంక్షన్ల జాబితాను ఎన్నిసార్లు తిరగేసినా దీనికి జవాబు దొరకదు. జవాబు క్రియ దగ్గరుంది. ఏ కంజంక్షన్ రావాలి, ఎన్ని రావాలి, అడ్వెర్బ్ ఎక్కడ నిలబడాలి, దాని పక్కన ఏ టెన్సు ఉండాలి అన్నవన్నీ ఇంగ్లీషులో క్రియతో ముడిపడిన సంగతులు. క్రియ, అడ్వెర్బ్, కంజంక్షన్ అన్న ఈ మూడింటినీ మూడు వేరువేరు పాఠాలుగా నేర్పుతున్నంతకాలం మాటలు వచ్చినవాళ్ళు కూడా వాక్యం దగ్గర తడబడుతూనే ఉంటారని నా వాదన.

ఇలా విడగొట్టి నేర్పే అలవాటు చాలా పాతది. మాటల్ని ఎనిమిది జాతులుగా పంచే పద్ధతి, క్రీస్తుపూర్వం 2వ శతాబ్దపు గ్రీకు పండితుడు డయోనీసియస్ థ్రాక్స్ పేరుతో ప్రచారంలో ఉన్న వ్యాకరణంలో కనిపిస్తుంది. గ్రీకు నుంచి లాటిన్‌కూ, అక్కణ్ణుంచి ఐరోపా భాషలకూ అది పాకింది. ఇంగ్లీషుకు రాబర్ట్ లౌత్ 1762లో, లిండ్లీ మర్రీ 1795లో రాసిన వ్యాకరణాలు ఒకటీ అరా తేడాతో ఆ దారిలోనే నడిచాయి. మన దేశంలో తరాల తరబడి చదువుతున్న రెన్ అండ్ మార్టిన్ కూడా ఆ వంశానిదే. అందులోనూ మాటల జాతులు చాప్టర్ల వారీగా విడివిడిగానే వస్తాయి. లాటిన్‌కు ఈ పద్ధతి బాగా సరిపోయింది. అక్కడ మాట ఏ పని చేస్తోందో దాని చివరి ప్రత్యయమే చెబుతుంది కాబట్టి, మాటను విడిగా చూసినా వాక్యంలో దాని పాత్ర చాలావరకు తెలిసిపోతుంది. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషు కూడా ఇంచుమించు అలాగే ఉండేది. తర్వాత ప్రత్యయాలు చాలావరకు రాలిపోయాయి. ఇవాళ మామూలు ఇంగ్లీషు క్రియకు మిగిలినవి 'వర్క్, వర్క్స్, వర్క్‌డ్, వర్కింగ్' లాంటి నాలుగైదు రూపాలే. ఒకప్పుడు ప్రత్యయాలు చేసిన పనిలో పెద్ద వాటా ఇప్పుడు మాట నిలబడే చోటు చేస్తోంది. మాటల చోటుకు ఇంత విలువున్న భాషను, ఆ పట్టింపు అంతగా లేని భాషల కోసం పుట్టిన చాప్టర్ల వరసలో నేర్పుతున్నాం.

తెలుగు దారి వేరు. రెండు పనుల్ని కలపాలంటే మనం మధ్యలో మాట పెట్టం, క్రియ చివర మారుస్తాం. 'ఇంటికొచ్చి అన్నం తిని పడుకున్నాడు', 'తింటూ మాట్లాడాడు', 'వస్తే చెబుతాను', 'వచ్చినా చెప్పను'. మన వ్యాకరణం ఈ రూపాలకు క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం, అప్యర్థకం అని పేర్లు పెట్టింది. బడిలో తెలుగు చదివినవాళ్ళకు ఈ పేర్లు ఏదో ఒక క్లాసులో తగిలే ఉంటాయి. ఇవన్నీ అసమాపక క్రియలు. ఎన్ని పనులు చెప్పినా చివర ఒకే ఒక్క సమాపక క్రియ వచ్చి వాక్యాన్ని ముగిస్తుంది. కాలమేదో, చేసిందెవరో అదే చెబుతుంది. 'మరియు' అన్న మాట పుస్తకాల్లోనూ ప్రభుత్వ ఉత్తర్వుల్లోనూ తప్ప నోటి మాటలో వినపడదు. అంతకంటే ముఖ్యమైన విశేషం ఇంకొకటుంది. మనకు కంజంక్షన్లలా కనిపించే తెలుగు మాటలు కూడా చాలావరకు క్రియల నుంచి వచ్చినవే. 'అయితే', 'అయినా', 'కానీ', 'కాకపోతే' అన్నవి 'అవు' క్రియకు రూపాలు. 'అని'లోనూ, 'ఎందుకంటే' చివర్లోనూ ఉన్నది 'అను' క్రియ. 'నెమ్మదిగా', 'అందంగా' అన్నప్పుడు అడ్వెర్బును తయారుచేసే 'గా' సైతం 'అగు' ధాతువుదే. అడ్వెర్బూ, కంజంక్షనూ మన భాషలో క్రియ కుటుంబంలోవే అన్నమాట. తెలుగు క్లాసులో నేర్చుకున్న ఈ సంగతి ఇంగ్లీషు క్లాసులో పనికొస్తుందని పిల్లలకు చెప్పేవాళ్ళు మాత్రం అరుదు.

ఎందుకు పనికొస్తుందో చూద్దాం. ఇంగ్లీషులో పనులు కలిపేటప్పుడు ఒక్కో క్రియ తన కర్తనూ తన కాలాన్నీ వెంటబెట్టుకుని నిండు రూపంలో నిలబడుతుంది. 'హి వర్క్‌డ్' ఒక నిండు క్రియ, 'హి ఫెయిల్డ్' ఇంకొకటి. రెండూ వాక్యాన్ని ముగించగల క్రియలే. ముగించగల క్రియలు రెండు ఒకే వాక్యంలో ఉండాలంటే వాటి మధ్య ఒక కలిపే మాట కావాలి, ఒకటే కావాలి. మూడు నిండు క్రియలుంటే రెండు కలిపే మాటలు. ఈ లెక్క వేసి చూస్తే 'ఆల్దో... బట్' గుట్టు విడిపోతుంది: క్రియలు రెండు, కలిపే మాటలు రెండు, అంటే ఒకటి ఎక్కువ. 'బికాజ్ ఇట్ రెయిన్డ్, సో వి స్టేడ్ హోమ్' అన్నదానిలోనూ అదే దోషం. 'వాన పడడంతో' అన్నప్పుడు తెలుగు క్రియ తనంతట తానే కారణాన్ని మోస్తుంది; 'రెయిన్డ్' అన్న క్రియ ఏ సంబంధాన్నీ మోయదు, కాబట్టి 'బికాజ్' గానీ 'సో' గానీ బయటి నుంచి రావాలి. ఈ లెక్కకు కొన్ని మినహాయింపులున్నాయి. 'హి సెడ్ హి వజ్ టయర్డ్' అన్నప్పుడు 'దట్' పైకి వినపడకుండా లోపలే ఉంటుంది. మూడు నాలుగు పనులు వరసగా చెబితే చివరిదానికి ముందు ఒక్క 'అండ్' చాలు, మిగతాచోట్ల కామాలు సరిపెడతాయి. 'హూ', 'విచ్' కూడా కలిపే మాటల పని చేస్తాయి. ఇవన్నీ తీసేసినా రోజువారీ వాక్యాల్లో అధికభాగానికి ఈ లెక్క నిలుస్తుంది. జాబితా బట్టీ పట్టనవసరం లేకుండా పిల్లలు తమ తప్పును తామే పట్టుకోగల సాధనం ఇది.

ఇక్కడ జాగ్రత్తగా చదివేవాళ్ళు ఒక అభ్యంతరం చెబుతారు. పాత పుస్తకాల్లో 'దో' తర్వాత 'యెట్' ఉంటుంది, రెన్ అండ్ మార్టిన్ కూడా ఆ జంటను నేర్పుతుంది కదా, అది తప్పు కానప్పుడు 'బట్' ఎందుకు తప్పు అని. మంచి ప్రశ్న. ఆ జంటలో 'యెట్' అడ్వెర్బులా పనిచేస్తోంది. అది క్రియల్ని కలపడం లేదు, కలిసిన తర్వాత 'అయినప్పటికీ' అన్న ఊనికను చేరుస్తోంది. ఇదే మెలిక 'హౌఎవర్', 'దేర్‌ఫోర్' దగ్గర ఎందరినో ముంచుతుంది. అర్థం చూస్తే 'హౌఎవర్' అంటే 'కానీ', 'దేర్‌ఫోర్' అంటే 'కాబట్టి'. అందుకని వాటిని కంజంక్షన్లనుకుని రెండు వాక్యాల మధ్య ఒక్క కామాతో నిలబెడతాం. తేడా తెలుసుకోవడానికి తేలికైన పరీక్ష ఒకటుంది: మాటను జరిపి చూడాలి. 'హౌఎవర్, హి వజ్ లేట్' అనొచ్చు, 'హి, హౌఎవర్, వజ్ లేట్' అనొచ్చు, 'హి వజ్ లేట్, హౌఎవర్' అనీ అనొచ్చు. అలా కదిలేది అడ్వెర్బ్. 'బట్' అలా కదలదు. రెండో క్రియ తాలూకు భాగానికి తలవాకిట్లోనే ఉంటుంది. కదలని మాటే కలపగలదు. 'హౌఎవర్'కు ముందు ఫుల్‌స్టాపో, సెమికోలనో ఎందుకు పెట్టాలో ఇంతకంటే వివరం అక్కర్లేదు.

కంజంక్షన్ వచ్చాక దాని వెంట క్రియ ఏ రూపంలో ఉండాలన్నది తర్వాతి చిక్కు. 'ఇఫ్ ఇట్ విల్ రెయిన్, వి విల్ స్టే', 'వెన్ ఐ విల్ కమ్, ఐ విల్ కాల్ యు' అని మనవాళ్ళు రాస్తారు. తర్కం ప్రకారం అందులో తప్పేమీ కనపడదు. వాన పడేది రేపు, ఆగేది రేపు, రెండింటికీ 'విల్' పెట్టారు. కానీ 'వాన పడితే' అన్న మన రూపంలో అసలు కాలమే లేదు. కాలం లేని రూపం నుంచి కాలం తప్పనిసరైన రూపానికి వెళ్తున్నాం కాబట్టి ఏదో ఒకటి ఎంచుకోవాల్సి వస్తుంది. ఇంగ్లీషు అక్కడ ప్రెజెంటును ఎంచుకుంది: 'ఇఫ్ ఇట్ రెయిన్స్, వి విల్ స్టే.' భవిష్యత్తును చెప్పే పని ప్రధాన క్రియ ఒక్కటే చేస్తే చాలు, 'ఇఫ్', 'వెన్', 'అంటిల్', 'బిఫోర్' వెంట ఉన్న క్రియ దాన్ని మళ్ళీ చెప్పనక్కర్లేదు. 'అన్‌లెస్' దగ్గర ఇంకో రకం పంపకం జరుగుతుంది. 'రాకపోతే' అన్నప్పుడు మన 'కాదు' క్రియలోనే ఉంది. 'అన్‌లెస్'లో ఆ 'కాదు' కంజంక్షన్ లోపలికి వెళ్ళిపోయింది. అందువల్ల 'అన్‌లెస్ హి కమ్స్' అనాలి. 'అన్‌లెస్ హి డజ్ నాట్ కమ్' అంటే అర్థం తిరగబడి 'వస్తే' అన్నచోట తేలుతుంది. క్రియ దగ్గర ఉండాల్సిన భారాన్ని కంజంక్షన్ ఎంత తీసుకుంది, క్రియకు ఎంత మిగిల్చింది అని చూడడం అలవాటైతే ఇలాంటి చోట్ల తడబాటు ఉండదు.

ఇక అడ్వెర్బ్ సంగతి. దాని పేరులోనే 'వెర్బ్' ఉంది, అయినా దాన్ని క్రియకు దూరంగా నేర్పుతాం. 'షి ఆల్వేస్ కమ్స్ లేట్' అంటారు గానీ 'షి ఆల్వేస్ ఈజ్ లేట్' అని మామూలుగా అనరు, 'షి ఈజ్ ఆల్వేస్ లేట్' అంటారు. ఒకచోట అడ్వెర్బ్ క్రియకు ముందు, ఇంకోచోట వెనక. పుస్తకాలు దీన్ని రెండు నియమాలుగా ఇస్తాయి. వెనక ఉన్న చరిత్ర చూస్తే రెండూ ఒకటే కథ. పూర్వపు ఇంగ్లీషులో ఏ క్రియైనా అడ్వెర్బును దాటి ముందుకొచ్చేది. 'తెలియదు' అనడానికి 'ఐ నో నాట్' అనేవారు, 'వస్తాడా' అనడానికి 'కమ్స్ హి?' అన్నట్టు క్రియను కర్తకు ముందు పెట్టేవారు. 16, 17 శతాబ్దాల్లో ఆ స్థితి మారింది. మామూలు క్రియలు ముందుకు కదలడం మానేశాయి. వాటికి బదులుగా కదలడానికి 'డు' అన్న సహాయక క్రియ వచ్చింది. 'ఐ డు నాట్ నో', 'డజ్ హి కమ్?' అలా పుట్టినవే. 1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిలులో పాత పద్ధతే ఎక్కువగా కనిపిస్తుంది. కాలం మారినా తన పాత హక్కు వదులుకోని క్రియ ఒకటుంది, అది 'బి'. 'యామ్, ఈజ్, ఆర్, వజ్, వర్' అన్నవి ఇప్పటికీ 'నాట్'నూ 'ఆల్వేస్'నూ దాటి ముందు నిలబడతాయి. సహాయక క్రియలూ అంతే: 'షి హ్యాజ్ ఆల్వేస్ కమ్ లేట్.' కాబట్టి పిల్లలకు చెప్పాల్సింది ఒకటే మాట. 'నాట్' ఎక్కడ నిలబడుతుందో 'ఆల్వేస్', 'నెవర్', 'ఆఫెన్', 'యూజువల్లీ'ల మామూలు చోటూ అదే.

క్రియకూ, కర్మకూ మధ్య దూరే హక్కు మాత్రం అడ్వెర్బుకు లేదు. 'ఐ లైక్ వెరీ మచ్ మ్యాంగోస్' అన్న వాక్యం ఇంగ్లీషు చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది; 'ఐ లైక్ మ్యాంగోస్ వెరీ మచ్' అనాలి. కర్మకు ప్రత్యయం లేదు, క్రియను ఆనుకుని ఉండడమే దాని గుర్తు. ఆ గుర్తు చెరిగిపోకూడదు కాబట్టి అడ్వెర్బ్ పక్కకు తప్పుకుంటుంది. వాక్యం చివర వచ్చే అడ్వెర్బుల వరస ఇంకా ఆసక్తికరం. 'నిన్న బస్సులో విజయవాడ వెళ్ళాడు' అంటాం. ఇంగ్లీషులో 'హి వెంట్ టు విజయవాడ బై బస్ యెస్టర్డే'. రెండింటినీ పక్కపక్కన పెడితే ఒకటి ఇంకోదానికి అద్దంలో ప్రతిబింబం. తెలుగులో ఎప్పుడు, ఎలా, ఎక్కడికి, తర్వాత క్రియ. ఇంగ్లీషులో క్రియ, ఎక్కడికి, ఎలా, ఎప్పుడు. పైకి చూస్తే పూర్తిగా తలకిందులు. క్రియ నుంచి కొలిస్తే తేడా లేదు! ఇలాంటి వాక్యాల్లో రెండు భాషల్లోనూ క్రియకు అతి దగ్గరగా ఉన్నది చోటు, ఆ తర్వాత విధానం, అన్నిటికంటే దూరంగా కాలం. క్రియ మనకు చివర్లోనూ వాళ్ళకు ముందూ ఉండడమే మొత్తం తేడాకు కారణం. 'ప్లేస్, మేనర్, టైమ్' అని పొడి సూత్రంగా నేర్చుకునేదాన్ని తెలుగు పిల్లలు తమ భాషలో ఎప్పటినుంచో వాడుతూనే ఉన్నారు. దాన్ని వాళ్ళకు చూపించకపోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం.

అడ్వెర్బ్ క్రియ కాలం మీద కూడా అధికారం చలాయిస్తుంది. 'యెస్టర్డే' వస్తే 'ఐ హ్యావ్ సీన్' కుదరదు, 'ఐ సా' అనాల్సిందే. గడిచిపోయిన ఒక రోజును వేలు పెట్టి చూపించాక 'హ్యావ్'కు చోటు లేదు. దీనికి ఎదురుగా 'సిన్స్' ఉంటుంది. '2010 నుంచి ఇక్కడే ఉంటున్నాను' అన్న తెలుగును ఉన్నదున్నట్టు మార్చితే 'ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ 2010' వస్తుంది. ఇంగ్లీషు 'హ్యావ్ బీన్ లివింగ్' అంటుంది, ఎందుకంటే 'సిన్స్' వెనక్కి చూసే మాట, వెనక్కి చూసి ఇవాళ్టిదాకా కొలిచే రూపం 'హ్యావ్'దే. 'ఆల్రెడీ', 'యెట్' దగ్గర బ్రిటిష్ వాళ్ళు 'హ్యావ్' కోరుకుంటారు, అమెరికాలో 'డిడ్ యు ఈట్ యెట్?' అని కూడా అంటారు.

చోటు మారితే అర్థమే మారే సందర్భాలు ఇంకా విలువైనవి. 'ఐ డోంట్ రియల్లీ లైక్ ఇట్' అంటే పెద్దగా నచ్చదని. 'ఐ రియల్లీ డోంట్ లైక్ ఇట్' అంటే అస్సలు నచ్చదని. మాటలన్నీ అవే. 'నాట్'కు ఇవతల ఉందా అవతల ఉందా అన్నదే తేడా. 'హి స్పోక్ క్లియర్లీ' అంటే స్పష్టంగా మాట్లాడాడు. 'క్లియర్లీ, హి స్పోక్' అంటే మాట్లాడాడన్నది స్పష్టం. మొదటిదానిలో అడ్వెర్బ్ క్రియను పట్టుకుంది, రెండోదానిలో మొత్తం వాక్యాన్ని పట్టుకుంది. 'ఓన్లీ' దగ్గర మనకు ఒక గొప్ప వసతి ఉంది. 'నేనే రామును చూశాను', 'నేను రామునే చూశాను' అని తెలుగులో ఒక్క 'ఏ' అక్షరంతో తేల్చేస్తాం. అది ఏ మాటకు అతుక్కుంటే ఊనిక దానిది. ఇంగ్లీషులో ఆ పని 'ఓన్లీ' చోటుతో జరగాలి: 'ఓన్లీ ఐ సా రాము', 'ఐ సా ఓన్లీ రాము'. మాటల్లో 'ఐ ఓన్లీ సా రాము' అని క్రియకు ముందే పెట్టి, 'రాము' అన్న మాటను ఒత్తి పలికి సరిపెడతారు. రాతలో ఆ ఒత్తు వినపడదు కాబట్టి జాగ్రత్త పడాలి.

అడ్వెర్బ్ వాక్యం మొదటికి వచ్చి సహాయక క్రియను కర్తకు ముందుకు లాగడం కూడా ఉంది. 'నెవర్ హ్యావ్ ఐ సీన్', 'హార్డ్లీ హ్యాడ్ హి శాట్ డౌన్ వెన్' లాంటివి పరీక్షల కోసం నేర్చుకుని మరిచిపోతాం. అదే సూత్రం రోజూ వాడే చిన్న జవాబులోనూ ఉంది: 'సో డు ఐ', 'నైదర్ డు ఐ'. 'నేనూ అంతే' అనడానికి 'సో' ముందుకొచ్చి, వెంటనే 'డు'ను తన పక్కకు తెచ్చుకుంది. ప్రశ్నలో 'డు' ఎలా ముందుకొస్తుందో తెలిసినవాళ్ళకు ఇది కొత్త కాదు.

నోటి ఇంగ్లీషులో మనల్ని అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేవి 'గివ్ అప్', 'పుట్ ఆఫ్', 'టర్న్ ఆన్', 'ఈట్ అప్' లాంటి జంటలు. చిన్న క్రియ, దాని పక్కన చిన్న అడ్వెర్బ్, రెండూ కలిసి కొత్త అర్థం. మనవాళ్ళు వీటిని విడిగా బట్టీ పట్టాల్సిన వేరే పదసంపదగా చూస్తారు. తెలుగులో వీటికి దీటైనవి కావలసినన్ని ఉన్నాయి. 'తిను' వేరు, 'తినేయ్' వేరు. 'పడ్డాడు' వేరు, 'పడిపోయాడు' వేరు. 'చెప్పు' వేరు, 'చెప్పేయ్' వేరు. 'వేయు, పోవు, పెట్టు, కొను' అన్న క్రియలు ఇంకో క్రియ వెనక చేరి పని పూర్తయిందనో, చేజారిందనో, ఎవరికోసమో చేశామనో చెబుతాయి. 'ఈట్ అప్'లో 'అప్' చేసే పని 'తినేయ్'లో 'ఏయ్' చేసే పనికి చాలా దగ్గర. మనం రెండో క్రియతో సాధించేదాన్ని వాళ్ళు అడ్వెర్బుతో సాధిస్తారు. ఒక్క నియమం మాత్రం కొత్తగా నేర్చుకోవాలి. 'టర్న్ ఆన్ ద ఫ్యాన్' అనొచ్చు, 'టర్న్ ద ఫ్యాన్ ఆన్' అనొచ్చు, కానీ 'ఇట్' వస్తే 'టర్న్ ఇట్ ఆన్' ఒక్కటే దారి. 'ఇట్' లాంటి తేలిక మాట క్రియను వదిలి దూరంగా ఉండలేదు.

ఇంత విశ్లేషణ ఎందుకు, వింటూ ఉంటే వచ్చేస్తుంది కదా, పిల్లలు తల్లిభాషను వ్యాకరణం చదివి నేర్చుకున్నారా అని అడిగేవాళ్ళున్నారు. ఆ మాటలో బలముంది. రోజంతా ఇంగ్లీషు వినపడే ఇంట్లో, వీధిలో పెరిగే పిల్లలకు పై విషయాలేవీ చెప్పనక్కర్లేదు. మన ఊళ్ళలో ఇంగ్లీషు మీడియం బడికి వెళ్ళే పిల్లలకు ఇంగ్లీషు వినపడేది క్లాసులో, అదీ ఎక్కువగా పాఠ్యపుస్తకం చదువుతున్నప్పుడు. ఆటలో, గొడవలో, అన్నం దగ్గర, బస్సులో తెలుగే. అంత తక్కువ వినికిడితో చెవి దానంతటదే నియమాలు పట్టుకోవాలనడం అన్యాయం. పైగా పదేళ్ళు దాటినవాళ్ళ దగ్గర ఇప్పటికే ఒక పూర్తి భాష ఉంది. ఆ భాషలో క్రియ ఎలా నడుస్తుందో వాళ్ళకు తెలుసు. ఆ తెలివిని పక్కన పడేసి సున్నా నుంచి మొదలుపెట్టమనడం కంటే, దాన్ని మెట్టుగా వాడుకోనివ్వడం మేలు.

ఇంగ్లీషు వాళ్ళే ఈ నియమాలు పాటించరని ఇంకో మాట వినపడుతుంది. వాక్యాన్ని 'అండ్'తోనో 'బట్'తోనో మొదలుపెట్టకూడదంటారు, వాళ్ళు మొదలుపెడతారు. 'టు'కూ క్రియకూ మధ్య అడ్వెర్బ్ పెట్టకూడదంటారు, వాళ్ళు పెడతారు. నిజమే, అయితే ఈ రెండూ క్రియ విధించిన నియమాలు కావు. కింగ్ జేమ్స్ బైబిలులో ఆదికాండం మొదటి అధ్యాయం చూస్తే దాదాపు ప్రతి వచనమూ 'అండ్'తోనే మొదలవుతుంది. 'టు' తర్వాత అడ్వెర్బ్ పెట్టడాన్ని కాంటర్‌బరీ డీన్ హెన్రీ ఆల్ఫర్డ్ 1864లో వచ్చిన తన పుస్తకంలో తప్పుపట్టారు. 1926లో భాషా పండితుడు ఫౌలర్ ఇంగ్లీషు వాడుకపై రాసిన తన నిఘంటువులో, అర్థం చెడేచోట ఆ నిషేధాన్ని పట్టుకుని వేలాడనక్కర్లేదన్నారు. ఇవి మర్యాదకు సంబంధించిన పట్టింపులు, కాలంతోపాటు మారతాయి. 'ఐ లైక్ వెరీ మచ్ మ్యాంగోస్' మాత్రం చదువురాని ఇంగ్లీషు మనిషి నోట కూడా రాదు. టీచర్లు పెట్టిన పట్టింపు ఏది, భాష తనకు తాను పెట్టుకున్న కట్టుబాటు ఏది అన్న తేడా పిల్లలకు చెప్పాలి. రెండింటికీ ఒకే ఎర్ర సిరా వాడితే దేన్ని భయపడి పాటించాలో, దేన్ని అర్థం చేసుకోవాలో వాళ్ళకు తెలియకుండా పోతుంది.

మన ఇంగ్లీషు మనది, 'ఐ యామ్ కమింగ్ నౌ ఓన్లీ' అంటే తప్పేముంది అనే వాదాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఆ 'ఓన్లీ' వెనక 'ఇప్పుడే' అన్న మన 'ఏ' ఉంది. అది మాట వెనక అతుక్కుంటుంది కాబట్టి 'ఓన్లీ' కూడా వెనక చేరింది. దక్షిణాదిన కోట్లమంది నోట నిలకడగా, ఒక పద్ధతి ప్రకారం పలికేదాన్ని అజ్ఞానమనలేం. కానీ అది ఎక్కడ చెల్లుతుందో తెలిసి వాడడం వేరు, వేరే రూపం ఉందని తెలియక వాడడం వేరు. డాలస్‌లో ఉద్యోగం చేసే తెలుగు ఇంజనీరు తన మేనేజరుకు రాసే ఈమెయిలులో 'ఓన్లీ' చోటు తప్పితే గడువు తేదీ అర్థమే మారిపోవచ్చు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఎలా మాట్లాడినా ఎవరికీ నష్టం లేదు. రెండు రూపాలూ చేతిలో ఉన్నవాళ్ళకే ఎంచుకునే స్వేచ్ఛ ఉంటుంది.

క్లాసులో దీన్ని ఎలా నేర్పవచ్చో ఒక దారి చెబుతాను. చాప్టరు కాకుండా ఒక తెలుగు క్రియను బోర్డు మీద రాయాలి. 'వాన పడు' చాలు. పడితే, పడకపోతే, పడుతుంటే, పడ్డాక, పడేలోగా, పడేదాకా, పడిందని, పడినా. ఒక్కోదానికి ఇంగ్లీషులో ఏ కలిపే మాట కావాలో, దాని వెంట 'రెయిన్' ఏ రూపంలో రావాలో పిల్లల్నే చెప్పమనాలి. 'పడితే'కు 'ఇఫ్', 'పడ్డాక'కు 'ఆఫ్టర్', 'పడేలోగా'కు 'బిఫోర్', 'పడేదాకా'కు 'అంటిల్' అని తొందరగానే అందుకుంటారు. 'పడుతుంటే' దగ్గర 'వెన్', 'వైల్', 'యాజ్' అన్న మూడింటి మీద వాదన మొదలవుతుంది, అది మంచి వాదనే, సాగనివ్వాలి. 'పడినా' దగ్గర ఆగిపోతారు. కొందరు 'ఆల్దో' అంటారు, కొందరు 'ఈవెన్ ఇఫ్' అంటారు. ఇద్దరూ సగం రైటే. 'వాన పడినా వెళ్ళాం' అన్నప్పుడు వాన నిజంగా పడింది, కాబట్టి 'ఆల్దో ఇట్ రెయిన్డ్, వి వెంట్'. 'వాన పడినా వెళ్తాం' అన్నప్పుడు వాన ఇంకా పడలేదు, పడుతుందో లేదో తెలియదు, కాబట్టి 'ఈవెన్ ఇఫ్ ఇట్ రెయిన్స్, వి విల్ గో'. 'పడినా' రెండు చోట్లా మారలేదు. వాక్యం చివరున్న 'వెళ్ళాం', 'వెళ్తాం' అన్న క్రియలు ఏ కంజంక్షన్ కావాలో చెప్పాయి.